కొట్లో కూర్చున్నది యజమానా, గుమస్తానా?

(నెల్లూరులో ఒక ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులు, అధ్యాపకులు కూడిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు తప్ప మరేమీ తీసివేయలేదు.)

సభలోని పెద్దలకు, తోటి అధ్యాపకులకు, ఇంత ఉక్కపోతలో ఇల్లు వదిలి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం. నేను ఇంటి దగ్గర ఒక ప్రసంగం రాసుకొని వచ్చాను. అయితే ఇందాక మెట్లెక్కుతుంటే ఒక తల్లి నన్ను ఆపి ఒక మాట అడిగారు. ఆ మాట విన్నాక, రాసుకొచ్చిన కాగితం జేబులో పెట్టేసి ఆమెకు జవాబు చెబితే చాలుననిపించింది. ఆమె ఇక్కడే, మూడో వరసలో ఉన్నారు. పేరు చెప్పనులెండి.

ఆమె అడిగినది ఇది. “సార్, మా పెద్దోడూ చిన్నోడూ ఇద్దరూ ఒకే మాదిరి సార్. ఇద్దరికీ లెక్కలంటే ప్రాణం, ఇద్దరికీ ఏదైనా విప్పి చూసేదాకా నిద్రపట్టదు. కాకపోతే పెద్దోడు ఊరందరితో మాట్లాడతాడు, చిన్నోడు నోరు తెరవడు. ఆ మాట్లాడేదొకటి నేర్పిస్తే చిన్నోడు గూడా పెద్దోడి మాదిరి అయిపోతాడు గదా?”

మనలో చాలామంది ఇలాగే అనుకుంటాము. పెద్దవాడిలోంచి మాటలు తీసేస్తే చిన్నవాడు మిగులుతాడనీ, చిన్నవాడికి నాలుగు మాటలు కలిపితే పెద్దవాడు తయారవుతాడనీ అనుకుంటాము. అది అలా కాదని చెప్పడానికే ఈ గంట. ఒకే రకంగా కనిపించే ఇద్దరిలో ఒకరు చూపు బయటికి తిరిగిన బహిర్ముఖులు, ఒకరు చూపు లోపలికి తిరిగిన అంతర్ముఖులు అయినప్పుడు, వారి మధ్య తేడా గొంతులో ఉండదు. లోపల ఏది పెద్దరికం చేస్తోంది, ఏది చేతికింద పని చేస్తోంది అన్న వరసలో ఉంటుంది. ఆ వరస మారితే మనిషే మారిపోతాడు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. అంతర్ముఖం అన్న మాట మనకు కొత్తది కాదు. కఠోపనిషత్తులో “పరాంచి ఖాని” అని ఒక మంత్రం ఉంది. బ్రహ్మ ఇంద్రియాలను బయటికి తెరిచి పుట్టించాడు కాబట్టి మనిషి బయటికే చూస్తాడు, ఎవడో ఒక ధీరుడు మాత్రం అమృతత్వం కోరి చూపు లోపలికి తిప్పుకున్నాడు అని దాని భావం. అందువల్ల మన భాషలో ఆ మాటకు ఒక పవిత్రత అంటుకుంది. ప్రవచనంలో అంతర్ముఖుడు అంటే చేతులు జోడిస్తాము. అదే మనిషి మన ఇంట్లో పుడితే ఏమంటాము? నోట్లో నాలుక లేనివాడు అంటాము, లోతు మనిషి అంటాము, పెళ్ళిచూపుల్లో అయితే పొగరు అని కూడా అంటాము. ఒకచోట యోగిని చేసి, ఒకచోట మొద్దును చేస్తాము. మనస్తత్వశాస్త్రం చెప్పే అంతర్ముఖుడు ఈ ఇద్దరిలో ఎవరూ కాడు.

బిడియస్తుడు కూడా కాడు. బిడియం అంటే నలుగురిలోకి వెళ్ళాలని ఉండీ భయంతో వెనుకాడటం. అంతర్ముఖుడికి భయం ఉండనక్కరలేదు, అంతసేపు అక్కడ ఉండాలని అనిపించదు, అంతే. ఈ రెండూ వేరువేరు సంగతులని 1981లో చీక్, బస్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచి చూపించారు. మనుషులను కోరుకుంటూ బిడియపడేవారు ఉన్నారు, బిడియం లేకుండా ఒంటరితనాన్ని కోరుకునేవారూ ఉన్నారు. దీన్ని ఇక్కడితో వదిలేస్తాను, ఎందుకంటే ఇవాళ నాకు కావలసినది మరొకటి.

ఈ రెండు మాటలను మనిషి స్వభావానికి వాడి ప్రపంచానికి అలవాటు చేసినవాడు స్విట్జర్లాండు వైద్యుడు కార్ల్ యూంగ్. ఆయన 1875లో పుట్టి 1961లో పోయారు. ఆయనకు ఈ ఆలోచన ఎక్కడ మొలిచిందో తెలుసా? ఇద్దరు తోటి వైద్యుల పోట్లాటలో. ఒకాయన ఫ్రాయిడ్, రెండో ఆయన ఆడ్లర్. ఇద్దరూ వియన్నావారే, ఇద్దరూ మేధావులే, ఇద్దరూ ఒకే రకమైన రోగులను చూసేవారు. ఫ్రాయిడ్ ఆ రోగికి తల్లితో, తండ్రితో, ప్రియమైనవారితో ఉన్న బంధంలో జబ్బుకు మూలం వెతికేవారు. ఆడ్లర్ ఆ రోగి తనను తాను తక్కువగా భావించుకొని, ఆ లోటు పూడ్చుకోవడానికి లోలోపల చేసే ప్రయత్నంలో వెతికేవారు. ఇద్దరి వివరణా సరిపోయేది! అలాంటప్పుడు తేడా రోగిలో లేదు, చూసేవారి చూపులో ఉన్నదని యూంగ్‌కు తట్టింది. ఒకరి చూపు వస్తువు మీదికి పోతోంది, మరొకరి చూపు చూసే మనిషి మీదికే మళ్ళుతోంది. 1913లో మ్యూనిక్ మహాసభలో ఈ సంగతి మొదటిసారి మాట్లాడారు, 1921లో పెద్ద గ్రంథంగా వెలువరించారు.

ఆ గ్రంథంలో ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ నాకు ఎంతో ఇష్టం. ఆలోచనే ప్రాణంగా బతికిన ఇద్దరిని తీసుకున్నారు. బహిర్ముఖమైన ఆలోచనకు జీవపరిణామం చెప్పిన డార్విన్, అంతర్ముఖమైన ఆలోచనకు జర్మన్ తత్వవేత్త కాంట్. ఇప్పుడు మీరు నాకు చెప్పండి, ఈ ఇద్దరిలో ఎవరి ఇంట్లో సందడి ఎక్కువగా ఉండేదనుకుంటున్నారు? డార్విన్ అంటున్నారు కదూ? కాదండీ. డార్విన్ 1831 నుంచి 1836 వరకు ఓడలో లోకం చుట్టి వచ్చిన మాట నిజమే. కానీ 1842లో లండను దగ్గర ఒక పల్లెకు చేరిన తరువాత, ఒంట్లో బాగుండక, విందులకూ సభలకూ దూరంగా ఉండిపోయారు. కాంట్ మాత్రం పుట్టిన కోనిగ్స్‌బర్గ్ ప్రాంతం దాటి దూరం పోయింది లేదు గాని, పెద్దవయసులో రోజూ మధ్యాహ్న భోజనానికి అతిథులు ఉండవలసిందే. బల్ల చుట్టూ ముగ్గురికి తగ్గకూడదు, తొమ్మండుగురికి మించకూడదు అని ఒక లెక్క కూడా పెట్టుకున్నారు. తత్వవేత్త ఒంటరిగా తినడం ఆరోగ్యానికి మంచిది కాదని ఆయన నమ్మకం.

మరి యూంగ్ పొరబడ్డారా? లేదు. ఆయన చూసినది భోజనాల బల్లను కాదు, ఆలోచన ఎక్కడి నుంచి సరుకు తెచ్చుకుంటోంది అన్నదాన్ని. డార్విన్ పల్లెలో తలుపు వేసుకొని ఉన్నా, పావురాలు పెంచేవాళ్ళకు ఉత్తరాలు రాసేవారు. బార్నకిల్స్ అనే చిన్న జీవుల మీద దాదాపు ఎనిమిదేళ్ళు గడిపారు. మైపాడు వైపు వాళ్ళు చూసే ఉంటారు, పడవ అడుగున గట్టిగా పెంకులా కరుచుకొని ఉంటాయి, గీకితే గాని రావు. వాటి మీద ఎనిమిదేళ్ళు! బయట ఉన్న సంగతులు వచ్చి పడితే గాని ఆయన ఆలోచన కదలదు. కాంట్ అతిథులతో లోకం నలుమూలల కబుర్లూ మాట్లాడతాడు, గదిలోకి పోయి కూర్చుంటే మాత్రం, అసలు తెలుసుకోవడం అంటే ఏమిటి, తెలుసుకునే బుద్ధికి హద్దు ఎక్కడ అని లోపలికే తవ్వుతాడు. ఇద్దరిదీ ఆలోచనే. ఒకరిది బయటి లోకాన్ని కొలబద్దగా పెట్టుకున్న ఆలోచన, ఒకరిది లోపలి చట్రాన్ని కొలబద్దగా పెట్టుకున్న ఆలోచన. ఈ ఒక్క ఉదాహరణ గుర్తుంచుకుంటే, వాగుడుకాయ బహిర్ముఖుడు, మౌని అంతర్ముఖుడు అనే లెక్క మీరు ఇక మళ్ళీ వేయరు.

ఇప్పుడు కాస్త సిద్ధాంతం. ఎక్కువసేపు పట్టదు. మనిషికి మానసికంగా నాలుగు పనిముట్లు ఉన్నాయని యూంగ్ అన్నారు. ఉన్నది ఉన్నట్టు పట్టుకునే ఇంద్రియజ్ఞానం ఒకటి. ఉన్నదాని వెనక రాబోయేదాన్ని పసిగట్టే స్ఫురణ ఒకటి. ఇది నిజమా కాదా అని తర్కించే ఆలోచన ఒకటి. ఇది తగునా తగదా, ఎవరి మనసుకు ఎంత బరువు అని తూచే అనుభూతి ఒకటి. అనుభూతి అనగానే కన్నీళ్ళు అనుకోకండి, అది కూడా ఒక తక్కెడే. ఈ నాలుగింటిలో ప్రతిదీ బయటికి తిరిగి ఉండవచ్చు, లోపలికి తిరిగి ఉండవచ్చు. అలా ఎనిమిది రకాలు. ఒక్కొక్క మనిషిలో ఒకటి పెద్దరికం చేస్తుంది, దానికి సాయంగా మరొకటి నిలబడుతుంది. అంతవరకు యూంగ్.

తరువాత అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ బ్రిగ్స్ మైయర్స్ దీన్ని పట్టుకున్నారు. వీరిద్దరూ మనస్తత్వశాస్త్రంలో పట్టాలు పుచ్చుకున్నవారు కారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేయాలని కూతురు పూనుకున్నారు. మీ పిల్లలు ఫోనులో చూపించి “నాన్నా, నేను ఐఎన్‌టీజే, నువ్వు ఈఎస్‌ఎఫ్‌జే” అంటూ ఉంటారే, ఆ నాలుగక్షరాల పదహారు రకాలు అక్కడి నుంచి వచ్చినవే. మొదటి అక్షరం ఐ అయితే అంతర్ముఖం, ఈ అయితే బహిర్ముఖం. రెండోది ఎస్ అయితే ఇంద్రియజ్ఞానం, ఎన్ అయితే స్ఫురణ. మూడోది టీ అయితే ఆలోచన, ఎఫ్ అయితే అనుభూతి. నాలుగోది జే అయితే పద్ధతిగా తేల్చుకునే తీరు, పీ అయితే ఎప్పటికప్పుడు సర్దుకునే తీరు. తక్కిన మూడక్షరాలు ఒకటే అయిన ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే, ఒక్క అక్షరమే కదా తేడా అనిపిస్తుంది. అక్కడే మోసం ఉంది. ఆ ఒక్క అక్షరం మారితే లోపల పెద్దరికం చేతులు మారుతుంది.

మైయర్స్ గారు దీనికి సైన్యాధిపతి, ఆయన సహాయకుడు అనే పోలిక చెప్పారు. బహిర్ముఖుల గుడారానికి వెళ్తే సైన్యాధిపతే బయటికి వచ్చి మాట్లాడతాడట, అంతర్ముఖుల గుడారానికి వెళ్తే సహాయకుడు వచ్చి మాట్లాడతాడట. మన నెల్లూరికి సైన్యాధిపతులకంటే బట్టల కొట్లు దగ్గర కాబట్టి నేను దాన్ని చిన్నబజారుకు తీసుకొస్తాను. ఒక కొట్లో గల్లాపెట్టె దగ్గర యజమానే కూర్చుంటాడు. మీరు గడప తొక్కగానే “రాండమ్మా” అనేది ఆయనే, ధర చెప్పేది ఆయనే, తగ్గించేదీ ఆయనే. గుమస్తా వెనక బీరువాలు సర్దుతుంటాడు. మరో కొట్లో యజమాని లోపలి గదిలో లెక్కల పుస్తకాలు ముందేసుకొని ఉంటాడు, ముందు గుమస్తా ఉంటాడు. గుమస్తా మర్యాదస్తుడే, పని తెలిసినవాడే. అయితే కాస్త పెద్ద బేరం వచ్చేసరికి “ఉండండమ్మా, అయ్యగారిని అడిగి చెబుతా” అని లోపలికి పోతాడు. అంతర్ముఖుడిని ఏదైనా అడిగినప్పుడు జవాబుకు ఆలస్యం అవుతుందే, అది ఈ లోపలికి పోయి రావడం. రెండు కొట్లలో ఉన్నది అదే ఇద్దరు మనుషులు, అదే సరుకు. కానీ మనం మొదటి కొట్టును యజమానిని చూసి అంచనా వేస్తాము, రెండో కొట్టును గుమస్తాను చూసి అంచనా వేస్తాము. అంతర్ముఖుల విషయంలో లోకం చేసే పొరపాటు ఇదే. వారి రెండో శక్తిని చూసి అదే వారి మొదటి శక్తి అనుకొని మార్కులు వేసేస్తుంది.

సిద్ధాంతం చాలు, ఇంట్లోకి వద్దాం. నాకు బాగా తెలిసిన ఒక ఇంట్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారు. కావలి పక్కన పల్లె. ఇద్దరూ మమకారం గలవారు, ఇద్దరూ పద్ధతి మనుషులు, ఇంటికి వచ్చినవారికి కాఫీ ఇవ్వకుండా పంపరు. నాలుగక్షరాల భాషలో చెప్పాలంటే పెద్దావిడ ఈఎస్‌ఎఫ్‌జే, చిన్నావిడ ఐఎస్‌ఎఫ్‌జే. ఆ ఇంట్లో ఒక పెళ్ళికి నేను మూడు రోజులు ఉన్నాను. పెద్దావిడ నడవలో అడుగు పెడితే చాలు, ఎవరి ముఖం ఎలా ఉందో ఆమెకు తెలిసిపోతుంది. ఆత్మకూరు మేనత్తగారు ముక్తసరిగా మాట్లాడుతున్నారని గమనించి, పక్కన చేరి, చేయి పట్టుకొని, రెండు నిమిషాలలో నవ్వించి లేచింది. ఆమెలో పెద్దరికం చేసేది మనుషుల మనసు తూచే శక్తి, అది బయటికే తిరిగి ఉంది. పాత సంగతులు జ్ఞాపకం ఉంచుకోవడం ఆమెకు సాయం మాత్రమే.

చిన్నావిడ ఆ మూడు రోజులూ కొట్టుగదిలోనే ఎక్కువగా ఉంది. నేను మంచినీళ్ళ కోసం పోయి చూశాను. విస్తరాకులు యాభై యాభై కట్టలుగా కట్టి, గోడవార పేర్చి, పై కట్ట మీద సుద్దముక్కతో లెక్క వేసి ఉంది. నెయ్యి డబ్బా ఒకటి విడిగా, బస్తా మాటున దాచి ఉంది. అదేమమ్మా అని అడిగితే, ఆరేళ్ళ కిందట బావగారి పెద్దమ్మాయి పెళ్ళిలో ఆఖరి బంతికి నెయ్యి లేకపోయింది, అప్పుడు మామయ్యగారు చిన్నబోయారు అని చెప్పింది. మరో మూల ఒక ప్లాస్టిక్ కుర్చీ, దాని మీద చిన్న దిండు. అది ఎవరికి? ఆత్మకూరు మేనత్తగారికి, ఆమెకు మోకాళ్ళ నొప్పులు, నేల మీద బంతిలో కూర్చోలేరు. చూశారా? ఆ మేనత్తగారి ముఖం చిన్నబోతే పెద్దావిడ ఓదార్చింది, అసలు చిన్నబోకుండా ఉండటానికి చిన్నావిడ ముందురోజే కుర్చీ వేసి పెట్టింది. ఈమెలో పెద్దరికం చేసేది లోపలికి తిరిగిన ఇంద్రియజ్ఞానం, అంటే జరిగినదాన్ని పూసగుచ్చినట్టు లోపల దాచుకునే శక్తి. అనుభూతి ఆమెకూ ఉంది, కానీ అది సాయపడేది. పెళ్ళయ్యాక పేరు ఎవరికి వచ్చిందని అడగకండి, మీకే తెలుసు.

ఇంకొక వింత ఉంది. అలసిపోయినప్పుడు మనలో అన్నిటికంటే చేతకాని శక్తి, అంటే పెద్దరికం చేసేదానికి ఎదురుగా ఉండేది, వచ్చి పగ్గాలు పట్టుకుంటుందని ఈ సిద్ధాంతకర్తలు చెబుతారు. మూడో రోజుకు అది నా కళ్ళ ముందే జరిగింది. ఎప్పుడూ మెత్తగా మాట్లాడే పెద్దావిడ, ఎవరు ఏ తప్పు చేశారో ఒకటి, రెండు అని అంకెలు పెట్టి కడిగేయడం మొదలుపెట్టింది. ఆమెలో అడుగున పడి ఉన్న తర్కం మొరటుగా పైకి వచ్చింది. చిన్నావిడ ఎవరినీ ఏమీ అనలేదు. కానీ గ్యాసు ఆపామో లేదో, వ్యానులో పోయినవాళ్ళు చేరారో లేదో, ఫోను ఎత్తడం లేదంటే ఏమైందో అని జరగనివన్నీ ఊహించుకొని వణికిపోయింది. ఆమెకు చేతకానిది స్ఫురణ కదా, అది చీకటి ముఖంతో వచ్చింది. ఒకే మూడక్షరాలున్న ఇద్దరు, అలసటలో ఒకరినొకరు గుర్తుపట్టలేనంత వేరైపోయారు.

మగవారి ఉదాహరణ కూడా చెప్పకపోతే మా మిత్రులు ఊరుకోరు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు చేసే అన్నదమ్ములు ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ చేతిపని మనుషులు, మోటారు చప్పుడు విని దాని జబ్బు చెప్పగలరు. చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామున. రాత్రంతా నీటిలోని నాచు ఆక్సిజన్ వదలకపోగా తానే పీల్చుకుంటుంది. సరిగ్గా అప్పుడే, నాలుగు గంటలకు, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆగిపోయాయి. రొయ్య పైకి తేలి గట్టు వారకు వస్తోంది. అన్న ఒక్క దూకులో జనరేటరు దగ్గర ఉన్నాడు, పక్క చెరువువాళ్ళను డీజిలుకు కేకేశాడు, మరో చేత్తో ఆక్సిజన్ బిళ్ళలు విసురుతున్నాడు. తమ్ముడు టార్చిలైటు నోట కరుచుకొని స్టార్టరు పెట్టె ముందు నిలబడి ఉన్నాడు. కదలడు, పలకడు. అన్న తిట్టిన తిట్లు ఈ సభలో చెప్పలేను. ఐదు నిమిషాల తరువాత తమ్ముడు అన్నది ఒకే మాట: “కరెంటు పోలేదు, రిలే కొట్టేసింది, మూడో మోటారు బేరింగు పట్టేస్తోంది.” మోటారు మీద భారం పెరిగితే కరెంటు తెంపేదే రిలే.

అన్న లేకపోతే ఆ రాత్రి రొయ్య చచ్చేది. తమ్ముడు లేకపోతే మర్నాడు రాత్రి చచ్చేది. అన్నలో ముందు నడిచేది కళ్ళ ముందు ఉన్నదాన్ని అందుకొనే ఇంద్రియశక్తి, తర్కం దాని వెనక వస్తుంది. తమ్ముడిలో ముందు నడిచేది ఎందుకు అనే తర్కం, చేతులు దాని వెనక వస్తాయి. తమ్ముడు మందకొడి కాదండీ. అతను వేరే ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాడు.

ఇప్పుడు నా సొంత తప్పు ఒకటి ఒప్పుకుంటాను. చాలా ఏళ్ళ కిందట, ఏ కాలేజీయో చెప్పను, నా తరగతిలో ఇద్దరు కుర్రవాళ్ళు ఉండేవారు. ఇద్దరికీ తర్కమూ, కొత్త దారులు ఊహించే స్ఫురణా పుష్కలంగా ఉండేవి. ఒకడు నేను వాక్యం పూర్తి చేయకముందే చేయెత్తేవాడు. ఒక రోజు సహసంబంధం గురించి పాఠం చెబుతూ, రెండు సంగతులు కలిసి పెరుగుతున్నాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణం అన్నట్టుగా ఒక ఉదాహరణ ఇచ్చాను. అది తప్పు. అతను వెంటనే “సార్, రెండింటికీ మూడో కారణం ఉండొచ్చు గదా” అన్నాడు, అందరూ నవ్వేలా ఒక చమత్కారం విసిరాడు, మర్నాడు ఆ వాదనకే ఎదురు వాదన కూడా చేశాడు. మాట్లాడుతూ ఆలోచించేవాడు అతను. ఊహలు ముందు బయటికి విసిరేవాడు, తర్కం తరువాత వాటిలోంచి పనికొచ్చేది ఏరుకొనేది.

రెండోవాడు ఏమీ మాట్లాడలేదు. ఏడాది పొడుగునా దాదాపు ఏమీ మాట్లాడలేదు. అతని రికార్డులో నేను “తరగతిలో పాల్గొనడు, ఆసక్తి తక్కువ” అని రాశాను. ఆ పాఠం చెప్పిన మూడు రోజులకు, స్టాఫు రూము బయట నిలబడి, ఒక నోటుపుస్తకం ఇచ్చి వెళ్ళిపోయాడు. నాలుగు పేజీలు. మొదటి పంక్తి ఇప్పటికీ గుర్తు: “సార్, మొన్న మీరు చెప్పిన రెండో ఉదాహరణలో ఒక అనుమానం.” తరువాత ఆ తప్పు ఎక్కడ మొదలైందో, అదే తప్పు అంతకుముందు నెలలో చెప్పిన రెండు పాఠాలలో కూడా ఎలా దాగి ఉందో, ఒక్క మాట ఎక్కువ లేకుండా రాశాడు. ముందు చట్రం కట్టుకొని, ఊహలన్నీ దానికి తగిలించి చూసి, నిలబడినదాన్నే బయటికి తెచ్చాడు. మొదటివాడు పది సెకన్లలో పట్టుకున్నది సగం. ఇతను మూడు రోజుల్లో పట్టుకున్నది మొత్తం. నేను మొదటివాడికి తెలివైనవాడని పేరు పెట్టాను. రెండోవాడి రికార్డులో ఆ మాట దిద్దాలని అనుకున్నాను గాని, అప్పటికే పుస్తకాలు ఆఫీసుకు వెళ్ళిపోయాయి. నేనూ వెంటపడలేదు. అది ఇంకా అలాగే ఉండి ఉంటుంది.

ఇంతసేపు చెప్పినది విని, రేపే పిల్లల నుదుటిన అక్షరాలు అంటించకండి. దీనిలో బలహీనతలు ఉన్నాయి, అవి చెప్పకపోవడం మోసం అవుతుంది. బహిర్ముఖత్వాన్ని కొలిస్తే జనం రెండు గుంపులుగా విడిపోరు. ఎత్తు కొలిచినట్టే, ఎక్కువమంది మధ్యలో ఉంటారు. మధ్యలో గీత గీసి ఇటు ఐ, అటు ఈ అంటే, గీత దగ్గర ఉన్నవాడు ఒక్క ప్రశ్నకు జవాబు మార్చినా ఆవలికి పోతాడు. కొన్ని వారాల తరువాత అదే పరీక్ష మళ్ళీ రాసినవారిలో చాలామందికి ఏదో ఒక అక్షరం మారుతుంది. యూంగ్‌కు ఇది తెలియదనుకోకండి. ఇటూ అటూ కాని మూడో గుంపే అన్నిటికంటే పెద్దదని ఆయనే చెప్పారు. ఇక 1989లో మెక్రే, కోస్టా అనే పరిశోధకులు పరీక్షించి, ఈ నాలుగు కొలతలు నేటి శాస్త్రం అంగీకరించే అయిదు గుణాలలో నాలుగింటితో బాగానే సరిపోతున్నాయన్నారు, రకాలుగా విడగొట్టడానికి మాత్రం ఆధారం దొరకలేదన్నారు. నేను చెప్పిన యజమాని, గుమస్తాల వరసకు కూడా గట్టి రుజువు లేదు. దాన్ని మనిషిని చూడటానికి పనికొచ్చే ఒక కళ్ళజోడుగా వాడుతున్నాను, ఎక్స్‌రేగా కాదు.

రుజువు లాంటిది ఎక్కడ ఉందంటే, శరీరంలో కొంత ఉంది. ఐసెంక్ అనే ఆయన 1967లో, అంతర్ముఖుల మెదడు మామూలుగానే ఎక్కువ మేలుకొని ఉంటుందనీ, అందుకే బయటి అలజడి వారికి త్వరగా ఎక్కువైపోతుందనీ ప్రతిపాదించారు. నాలుక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి, ఊరిన లాలాజలం తూచిన ప్రయోగం ఒకటి ఉంది. అంతర్ముఖులకు ఎక్కువ ఊరింది. పొదలకూరు నిమ్మకాయ అయితే అందరికీ ఊరుతుంది, అది వేరే సంగతి.

టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఏ రకం, తిక్కన సోమయాజి ఏ రకం అని ఒక మిత్రుడు చీటీ పంపారు. ఆ పని నేను చేయనండీ. 1928లో మద్రాసులో తుపాకీకి గుండె చూపించినవాడు బహిర్ముఖుడే అయి ఉండాలని ఎక్కడుంది? ధైర్యానికి దిక్కు లేదు. మనుమసిద్ధి కొలువులో మంత్రాంగం నడుపుతూనే పదిహేను పర్వాలు పూర్తి చేసిన మనిషిని మనం ఎటువైపు కూర్చోబెడతాం? కాంట్ భోజనాల బల్ల గుర్తుంది కదా.

అమ్మా, మూడో వరసలో ఉన్నవారు. ఇక మీ సంగతికి వస్తాను. చిన్నవాడికి మాట్లాడటం నేర్పించవద్దు అని నేను అనడం లేదు. ఉద్యోగానికి పోతే గ్రూప్ డిస్కషన్ అంటారు, అక్కడ నోరు విప్పక తప్పదు. గుమస్తాకు మంచి మాటతీరు నేర్పిస్తే కొట్టుకు మంచిదే. కానీ యజమానిని గదిలోంచి బయటికి లాగి గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, అన్న మాదిరి కేకలు వేయమంటే, లోపల లెక్కలు చూసేవాడు ఉండడు. అడగవలసినది ముందు రోజు రాత్రి అడగండి. మొదటి జవాబు విని లేచిపోకండి, అది గుమస్తా చెప్పినది. కాసేపాగి మళ్ళీ అడగండి. పెద్దవాడి విషయంలో తిరగేసి చెబుతాను. వాడిని “ఆలోచించి మాట్లాడరా” అని అదిలించకండి. వాడికి మాట్లాడటమే ఆలోచించడం, నోరు మూయిస్తే బుర్ర కూడా ఆగిపోతుంది. వాడి మొదటి మాటను పట్టుకొని “అన్నావు కదా” అని నిలదీయకండి, అది చిత్తుప్రతి.

ఏమంటున్నారమ్మా? కాస్త గట్టిగా చెప్పండి, వెనకవాళ్ళకు వినపడాలి. ఇంటర్ తరువాత ఏం చదువుతావని చిన్నవాడిని అడిగితే జవాబే చెప్పలేదంటున్నారు. ఎప్పుడు అడిగారు?

నిన్న రాత్రా! అయితే ఈ వారం ఇంకేమీ అడగకండి, వచ్చే ఆదివారం వాడే వస్తాడేమో చూద్దాం. తరువాతి ప్రశ్న ఎవరిది?